పళ్ళాయన కట్టిన లాగుడు బండి

పళ్ళాయన పోయిన రోజు ఇంటిముందు చేరిన జనంలో సగానికి సగం మంది ఆయన చేసిన పళ్ళు పెట్టుకునే ఏడ్చారు. ఏడుపు ఎవరిదైనా ఒకటే గానీ, ఆ పలువరసలు మాత్రం తీర్చి దిద్దినట్టున్నాయి. ఆయనే గనక లేచి చూసుంటే దుఃఖం సంగతి పక్కనపెట్టి, "ఆ చివరాయన కింది సెట్టు కొంచెం కదులుతోంది, రేపొకసారి రమ్మనండి" అనేవాడు.

పళ్ళాయనంటే అరటిపళ్ళు, బత్తాయిలు అమ్మే ఆయన కాదు. నోట్లో పళ్ళు. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి కొలతలు తీసి పంపిస్తే, వాటికి సరిపడా సెట్లు చేసివ్వడం పని. ఇంటి ముందుగదే ల్యాబు. మైనం వాసన, ప్లాస్టరు దుమ్ము, గోడల నిండా అరలు, అరల నిండా ప్లాస్టరు దవడలు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఊరంతా నోరు తెరుచుకుని తమనే చూస్తున్నట్టుండేది.

ఆయనకి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే, వదులు. పై పన్ను, కింది పన్ను కలిసే చోట నీలం కాగితం పెట్టి కొరికించేవాడు. మరక ముదురుగా పడినచోట అరగదీసేవాడు. మళ్ళీ కొరికించేవాడు, మళ్ళీ అరగదీసేవాడు. మధ్యలో వెంట్రుక దూరినా ఆ పూట అన్నం సయించేది కాదు. ఆ జబ్బు ల్యాబుతో ఆగలేదు. తలుపు గొళ్ళేలూ, సీసా మూతలూ అయిపోయాక ఒకసారి భార్య కుట్టిన దిండు గలీబు వదులుగా ఉందని విప్పి, తనే మళ్ళీ కుట్టాడు. ఇక దిండు అందులోంచి బయటికి రాలేదు.

"నన్ను కూడా కొలత తీసుకునే కట్టుకున్నారా?" అంది ఆవిడ.

"లేదు. అందుకే ఇంత సర్దుకోవలసి వస్తోంది" అన్నాడు. ఆ పూట కూరలో ఉప్పు లేదు.

అంతటి మనిషికీ లొంగని నోరు ఒకటుంది. అది సొంత మామగారిది.

మామగారు సైన్యంలో పనిచేసి వచ్చినవారు. అత్తగారు పోయాక ఒక ట్రంకుపెట్టెతో కూతురి ఇంటికి వచ్చి, వెనకగదిలో కిటికీ పక్కన మంచం వేసుకున్నారు. వచ్చిన కొన్నాళ్ళకే పాత పళ్ళసెట్టు తీసి పక్కన పెట్టేశారు. చిక్కిపోయిన మనిషికి పాత సెట్టు పట్టదు, అది సహజమే. పళ్ళాయన ఉత్సాహంగా కొత్తది చేసిచ్చాడు. మామగారు దాన్ని గ్లాసులో నీళ్ళు పోసి కిటికీలో పెట్టారు. ఇంకోటి చేశాడు. అదీ గ్లాసులోకే వెళ్ళింది. గ్లాసులో పళ్ళు పొద్దస్తమానం నవ్వుతుండేవి, మంచం మీద మనిషి మాత్రం నవ్వేవారు కాదు.

"నొప్పిగా ఉంటున్నాయా మామయ్యగారూ?"

"అబ్బెబ్బే. అల్లుడుగారు చేసినవి. నొప్పని ఎలా అంటాం?"

"మరి పెట్టుకోరే?"

"గౌరవం కొద్దీ గ్లాసులో ఉంచానండీ."

మామగారు అల్లుణ్ణి అంతంత మర్యాదతో చంపేవారు. ఆ 'గారు', ఆ 'అండీ' మధ్య నిలబడితే పళ్ళాయనకి ఏదో సర్కారు కచేరీలో చేతులు కట్టుకున్నట్టుండేది. పళ్ళు లేని నోటికి జావ, మెత్తగా మెదిపిన అన్నం తప్ప దిగేది కాదు. అదీ రెండు చెంచాలయ్యాక "చాల్లే అమ్మా" అనేవారు. చొక్కాని మనిషి వేసుకున్నట్టు కాదు, మనిషినే చొక్కా వేసుకున్నట్టయ్యారు. డాక్టరు చూసి, మందులకేముంది, ముందు నమిలి తినాలి, ఇలాగే ఉంటే మనిషి నిలవడు అని మొహం మీదే చెప్పాడు.

కూతురు ఆ రోజు బయటపడి ఏడవలేదు. గిన్నెలు మాత్రం గట్టిగా తోమింది. "ఊరందరి నోళ్ళూ నింపుతారు. మా నాన్న నోరు ఖాళీ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే" అంది మొగుడితో.

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు భోజనాల దగ్గర పళ్ళాయన తెగించి అడిగేశాడు. "నా పనిలో లోపమేంటో చెప్పండి మామయ్యగారూ. ఈవేళ తేల్చాల్సిందే."

మామగారు జావలో చెంచా తిప్పారు. ఎలాగైనా ఈ పోరు వదిలించుకోవాలి. "కదలకుండా కూర్చునే వస్తువు చెయ్యడం ఏం గొప్పండీ? కదిలేది చెయ్యండి. నేను సైన్యంలో నడిపిన బండి ఉంది చూశారూ, అది చెయ్యండి. అది బురదలో ఇరుక్కున్నదాన్ని దేన్నయినా ఒకదాన్ని లాగిననాడు మీ పళ్ళు పెట్టుకుని రాళ్ళు నమలమన్నా నములుతాను."

"ట్యాంకా?"

"ట్యాంకు కాదు. ట్యాంకు ఇరుక్కుపోతే లాగే బండి. ఫిరంగి ఉండదు. చైన్ల మీద నడుస్తుంది. ముందుపక్క పెద్ద ఇనుప పార, కడుపులో తాడు చుట్టే వించి."

"సరే" అన్నాడు పళ్ళాయన.

మామగారి చెంచా ఆగిపోయింది. సరే అంటాడని ఆయన అనుకోలేదు. వెంటనే కాలు అడ్డం పెట్టారు. "దొంగాట కుదరదండోయ్. మీరే దేన్నో తీసుకెళ్ళి బురదలోకి తోసి లాగితే ఒప్పుకోను. దాని ఖర్మ కొద్దీ అది ఇరుక్కోవాలి."

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి" అంది కూతురు ఇద్దరికీ కలిపి.

అసలు బండిలో ఆరోవంతు కట్టాలని నిర్ణయమైంది. ఆరోవంతంటే అరచేతిలో పట్టేది కాదు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. చెక్కతో పెట్టె కట్టి, పైన రేకు తొడిగాడు. పాత సామాన్ల కొట్టులో ఒక కరెంటు చక్రాల కుర్చీ దొరికితే దాని మోటార్లు రెండూ ఊడదీసి, చెరోపక్కా బిగించాడు. బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళు వాడే రిమోటు తెప్పించాడు. చక్రాలకి మాత్రం ఎక్కడా మనసుకి నచ్చిన సరుకు దొరకలేదు. ఈలోగా వంటింట్లో కూరగాయలు కోసుకునే దళసరి ప్లాస్టిక్ పలక మాయమైంది. ఆవిడ కొత్తది కొంది. అదీ మాయమైంది. మూడోది కొన్నాక, దాన్ని చంకలో పెట్టుకునే ల్యాబులోకి వెళ్ళి చూస్తే, మొదటి రెండూ గుండ్రంగా చక్రాలై, మధ్యలో బేరింగులు దిగి, గోడకి ఆనుకుని ఉన్నాయి.

"ఇది కూడా ఇస్తే సరిగ్గా సరిపోతాయి" అన్నాడు చెయ్యి చాస్తూ.

ఇక చైను. చైనంటే వందలకొద్దీ లింకులు. ఒక్క లింకు మైనంతో చెక్కి, అచ్చు తీసి, పళ్ళసెట్లకి చిగుళ్ళు పోసే పదార్థంతోనే పోతపోశాడు. చేతికి అలవాటైన సరుకది. మంచి గట్టిది, కానీ గులాబిరంగుది. లింకుకీ లింకుకీ మధ్య సైకిల్ చువ్వ ముక్క పిన్నుగా దూర్చి, చైనుని కిటికీకి వేలాడదీశాడు. సెట్టు తీసుకుపోవడానికొచ్చిన ఒకాయన దాన్ని చూసి రెండడుగులు వెనక్కేశాడు.

"ఏంటండీ అవి?"

"చిగుళ్ళు."

"ఎవరివండీ?"

"బండివి."

ఆయన తన సెట్టుని వెలుగులో రెండుసార్లు తిప్పి చూసుకుని మరీ జేబులో వేసుకున్నాడు.

చైన్లకి ఆకుపచ్చ రంగు వేసి బిగించి మొదటిసారి నడిపిన రోజు, మామగారు కుర్చీ తెచ్చుకుని ల్యాబు గుమ్మంలో కూర్చున్నారు. పళ్ళాయన రిమోటు ముందుకి నొక్కాడు. బండి ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఆపి, మళ్ళీ నొక్కితే మళ్ళీ తిరిగింది. రెండు మోటార్లూ ఎదురెదురుగా బిగించినవి కదా, ఒకదాని తీగలు తిరగేసి కలపాలన్న సంగతి తట్టలేదు.

"అమ్మాయీ! అల్లుడుగారు గానుగ పెట్టారు. నూనె కావాలేమో అడుగు" అని కేకేశారు మామగారు. ఆ ఇంటికొచ్చాక ఆయన గొంతు వంటింటిదాకా వినపడటం అదే మొదలు.

కుర్చీ ఇక గుమ్మంలోనే ఉండిపోయింది. తీగలు తిరగేసి కలిపాక బండి బుద్ధిగా నడిచింది. మామగారు మాత్రం బుద్ధిగా కూర్చోలేకపోయారు.

"హుక్కు అక్కడ పెడితే తాడు తెగినప్పుడు మన మెడే పోతుందండీ."

"మరెక్కడ పెట్టమంటారు?"

"నాకేం తెలుసు? పందెంలో ఎదటిపక్షం వాణ్ణి." అంటూనే ఉన్నారు, చేతికర్ర దానంతటదే లేచి పెట్టె ముందు అంచున ఒక చోట ఆగింది. పళ్ళాయన అక్కడ సుద్దముక్కతో గీత పెట్టుకున్నాడు. పార ఎంత వంపుండాలో, మూత ఏ వైపుకి తెరుచుకోవాలో, అంతా చేతికర్రే చెప్పింది.

ఒకరోజు రంగు వేస్తుంటే మామగారు ఉన్నట్టుండి అన్నారు. "మీ అత్తగారు పోయేదాకా నేను ఫిరంగి పేల్చేవాణ్ణనే అనుకుందండీ. పెళ్ళిచూపుల్లో మా నాన్న అలా చెప్పేశాడు. ఆవిడ ఊరంతా చెప్పుకుంది. ఇంకేం కాదంటాం? ఒక్కసారైనా చెప్పాల్సింది, ఓసీ, నేను పేల్చేవాణ్ణి కాదు, లాగేవాణ్ణి అని."

"చెప్తే ఏమనేవారు?"

"ఏమంటుంది? 'అయితే ఆ బీరువా కొంచెం ఇటు లాగండి' అనేది."

పళ్ళాయన నవ్వాడు. మామగారు కూడా నవ్వబోయి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు.

అంతా అయ్యాక పళ్ళాయన తన అసలు విద్య చూపించాడు. చైనుని తిప్పే పళ్ళచక్రం ఉంటుంది కదా, దాని పన్నుకీ లింకుకీ మధ్య నీలం కాగితం పెట్టాడు. మరక చూసి అరగదీశాడు. మళ్ళీ పెట్టాడు. చివరికి చైను వీణ తీగలా బిగిసింది. వేలితో మీటితే మోగింది. వెంట్రుక కాదు, ఊపిరి కూడా దూరదు.

"ఎలా ఉంది మామయ్యగారూ?"

మామగారు చైను వంక చూశారు. అల్లుడి వంక చూశారు. మీసం దువ్వుకుని, "అల్లుడుగారి పనితనానికి వంకేముందండీ" అన్నారు. అంతకుముందు రోజూ పది వంకలు పెట్టిన మనిషి ఒక్క వంకా పెట్టలేదంటే అనుమానించాలి. పళ్ళాయన పొంగిపోయాడు.

ఇక మిగిలింది ఎవరో ఒకరు ఇరుక్కోవడం. ఇంటి వెనక ఖాళీ స్థలంలో అడ్డదారి ఉంది. వాన పడితే అది బురదగుంటే. వానలు మొదలయ్యాక పళ్ళాయన ల్యాబులో పని చేస్తూ ఒక చెవి అటే వేసి ఉంచేవాడు. స్కూటరు చప్పుడైతే చాలు, పరిగెత్తుకెళ్ళి పెరటి గుమ్మంలో నిలబడేవాడు. ఒకసారి పోస్టుమాన్ బండి జారి, ఊగి, ఊగి, గట్టెక్కేసింది.

"ప్చ్. బయటపడ్డాడు" అన్నాడు.

"దారినపోయేవాళ్ళు పడాలని కోరుకుంటున్నారా? పాపం తగుల్తుంది" అంది భార్య. ఆ వెంటనే ఆవిడ కూడా గోడ మీదుగా తొంగి చూసింది. తండ్రి ఆ పొద్దున జావ కూడా వద్దన్నారు మరి.

చివరికి ఇరుక్కున్నది నీళ్ళడబ్బాలవాడి మూడుచక్రాల సైకిల్. నిండా డబ్బాలతో అడ్డదారిన వస్తూ, వెనక చక్రం ఇరుసుదాకా దిగబడిపోయింది. వాడు దిగి, చుట్టూ తిరిగి చూసి, డబ్బా మీద చెయ్యేశాడు.

"దించకు!" అని రెండు గొంతులు ఒక్కసారే వినిపించాయి. ఒకటి పెరటి గుమ్మంలోంచి పళ్ళాయనది, ఇంకోటి కిటికీలోంచి మామగారిది.

"దించేస్తే నేనే లాక్కుంటా కదా సార్?"

"దించితే చెల్లదు. నువ్వు బండి పడిపోకుండా పట్టుకుని నిలబడు, అంతే" అన్నాడు పళ్ళాయన.

పక్కింటివాళ్ళ సాయంతో లాగుడు బండి పెరట్లోంచి బయటికి వచ్చింది. ఎండలో ఆకుపచ్చగా మెరిసింది. నీళ్ళడబ్బాలవాడు నోరు తెరిచాడు. "బొమ్మా సార్? తుపాకీ ఏది సార్?"

"ఇది కాల్చేది కాదు, లాగేది" అని అరిచారు మామగారు కిటికీలోంచి. పందెంలో ఎదటిపక్షం వాణ్ణన్న సంగతి అప్పటికి మర్చిపోయారు.

పళ్ళాయన రిమోటు నొక్కాడు. బండి గర్వంగా బురదలోకి దిగింది. కొంచెం దూరం పోయింది. చక్రాలకీ చైనుకీ మధ్య బురద ఎక్కడం మొదలైంది. చైను ఏ కాస్త వదులున్నా ఆ బురద నలిగి పక్కకి జారేది. ఇక్కడ ఊపిరి దూరే సందు కూడా లేదాయె. బురద ఎక్కుతోంది, చైను బిగుస్తోంది. టప్పుమని ఒక లింకు పగిలింది. ఎడమ చైను పాములా జారి కింద పడింది. బండి ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది.

పళ్ళాయన మొహం ప్లాస్టరు రంగుకి తిరిగింది. మామగారు పందెం గెలిచారు. పళ్ళు గ్లాసులోనే ఉండొచ్చు. ఇక జన్మలో ఎవరూ ఆయన్ని పళ్ళు పెట్టుకోమని అడగరు. కిటికీలో నిలబడి మీసం మీద చెయ్యి కూడా వేశారు.

అప్పుడు నీళ్ళడబ్బాలవాడు వినయంగా అడిగాడు. "సార్, ఇప్పుడు దీన్ని లాగడానికి ఇంకో బండి కావాలా సార్?"

అన్నేళ్ళ సర్వీసులో మామగారు ఆ మాట పడలేదు. కిటికీ ఖాళీ అయింది. మరుక్షణం పెరటి తలుపు దభాలున తెరుచుకుంది. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, చేతికర్ర గిరాటేసి, ఆయన బురదలోకి దిగారు.

"నాన్నా! పడతావ్!"

"నోరుముయ్. లోపల మిగిలిన లింకులుంటాయి, పట్రా. ఒకటి కాదు, రెండు. చువ్వ ముక్కలు కూడా." అల్లుడి వైపు తిరిగారు. "చూస్తావేంట్రా? గునపం తే. కింద ఇటుక పెట్టి ఈ పక్కకి ఎత్తు!"

పళ్ళాయన ఒక్కక్షణం వెనక్కి తిరిగి చూశాడు, ఆ 'రా' ఎవర్నా అని. వెనక ఎవరూ లేరు. పరిగెత్తి గునపం తెచ్చి, బండి కింద దోపి, బలమంతా పెట్టి ఎత్తి పట్టుకున్నాడు.

"చైనుకి ప్రాణం వదులులో ఉంటుందిరా వెధవా. పైన వేలాడాలి. వేలాడితేనే బురదని కక్కుతుంది. నోట్లో పళ్ళనుకున్నావా?"

"మరి మొన్న చెప్పలేదే మామయ్యగారూ?"

"గెలుద్దామని!" అన్నారు మామగారు దాపరికం లేకుండా, బురదలో మోకాళ్ళ మీద కూర్చుంటూ.

కూతురు రంగు వెయ్యని గులాబిరంగు లింకులు రెండు తెచ్చింది. ఆయన పగిలినదాన్ని తీసేసి, ఒకటున్నచోట రెండు కలిపి, చైను చక్రాల చుట్టూ తిప్పారు. రెండు కొసలూ రెండు చేతులతో దగ్గరికి లాగి పట్టుకున్నారు. ఇక చివరి పిన్ను దూర్చాలి. చేతులు ఖాళీ లేవు. అల్లుడు గునపం వదిలితే ఆ బరువంతా ఆయన వేళ్ళ మీదే. నీళ్ళడబ్బాలవాడు సైకిల్ వదిలితే అది బోర్లా. కూతురు ఒక చేత్తో మొగుడు అప్పగించిన రిమోటుని తేలుని పట్టుకున్నట్టు పట్టుకుంది, ఎక్కడ తగిలితే ఏం కదులుతుందోనని.

"పిన్ను నోటికందించు" అన్నారు మామగారు. సైన్యంలో ఆయన పిన్ను పట్టిన మూడో చెయ్యి ఎప్పుడూ నోరే. ఆవిడ అందించింది. చువ్వ బోసి చిగుళ్ళ మధ్యనుంచి జారి బురదలో పడింది. ఇంకోటి అందించింది. అదీ జారింది.

ఆయన తలెత్తి కూతురి వంక చూశారు. అల్లుడి వంక మాత్రం చూడలేదు.

"గ్లాసు తే."

ఆవిడ వెళ్ళడం, రావడం ఎవరికీ కనపడలేదు. వచ్చేసరికి గ్లాసులో నీళ్ళు సగం ఒలికి, ఆవిడ చేతి బురద అందులో కలిసింది. "కడుగు, కడుగు" అని ఆయన అరిస్తే ఆవిడ పక్కనే ఉన్న డబ్బా మూత తీసేసింది.

"అమ్మా, అది ఫిల్టరు నీళ్ళమ్మా!" అన్నాడు నీళ్ళడబ్బాలవాడు.

పళ్ళు నోట్లోకి వెళ్ళాయి. చువ్వ పళ్ళ మధ్యకి వెళ్ళింది. మామగారు గట్టిగా కొరికి పట్టి, తల వంచి, చువ్వని రంధ్రానికి ఆనించి, మెడతో నెట్టారు. బరువుకి పళ్ళాయన చేతులు వణుకుతున్నాయి, చెమట కళ్ళలోకి కారుతోంది. అయినా ఆయన చూపు చైను మీద లేదు, బండి మీద లేదు. పై వరస, కింది వరస ఎక్కడా సందు లేకుండా కలిసి చువ్వని కరిచి పట్టుకున్నాయి. కదల్లేదు, ఊడలేదు. చువ్వ లోపలికి దిగిపోయింది.

"దింపు" అన్నారు మామగారు. ఆ మాట స్పష్టంగా, ఖంగున వచ్చింది. పళ్ళాయన దింపకుండా ఆయన నోటి వంకే చూస్తున్నాడు. "దింపరా అంటే!"

తర్వాతదంతా పెద్దాయన చెయ్యి ఊపినట్టు జరిగింది. వేలాడే చైనుతో బండి బురదని ముద్దలు ముద్దలుగా కక్కుతూ వెనక్కి నడిచి గట్టి నేల ఎక్కింది. పార కిందికి దిగి భూమిలో గుచ్చుకుంది. తాడు సైకిల్ ఇరుసుకి బిగిసింది. వించి మూలుగుతూ తిరిగింది. ఆకుపచ్చ చైనులో రెండు గులాబిరంగు లింకులు నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్నట్టున్నాయి. మూడుచక్రాల సైకిల్, దాని మీద డబ్బాలు, దాన్ని కౌగిలించుకున్న మనిషి, అంతా కలిసి చప్పరించినట్టు చప్పుడు చేస్తూ బురదలోంచి వచ్చేశాయి.

"పందెం మాత్రం నేనే గెలిచా" అన్నారు మామగారు, పెరటి మెట్ల మీద కాళ్ళు కడుక్కుంటూ. "చైను తెగింది. తెగిందా లేదా?"

"తెగింది మామయ్యగారూ. మీరే గెలిచారు." పళ్ళాయన పక్కమెట్టు మీద కూలబడ్డాడు. "మరి అవి తీసేస్తారా?"

మామగారు నాలుకతో లోపల ఒకసారి అటూ ఇటూ తడిమి చూసుకున్నారు. "ఆకలేస్తోందే" అన్నారు కూతురితో. "గట్టిదేమైనా ఉందా?"

ఆవిడ వంటింట్లోకి పరిగెత్తి, చేతికి దొరికిన జామకాయా కత్తీ పట్టుకొచ్చింది. మెట్టు మీద కూర్చుని ముక్కలు కొయ్యబోతూ, "అల్లుణ్ణి పట్టుకుని ఆ రా ఏంటి నాన్నా, వెధవా ఏంటి?" అంది.

"కొయ్యకు. అలాగే ఇవ్వు."

"జామకాయ వద్దు మామయ్యగారూ, గింజలు పళ్ళకింద ఇరుక్కుంటాయి" అన్నాడు పళ్ళాయన కంగారుగా.

"ఇరుక్కుంటే లాగుదువుగానిలే, ఉండరా" అన్నారు మామగారు. అని, కాయని రెండు చేతులా పట్టుకుని కొరికారు.